గుర్రపు రక్తములోని పరాన్నజీవులు: ఒకటి అనుకొన్నది పెక్కైన చరిత్ర

జ్వరముతోనున్న గుర్రము నుండి ఒక రక్తపు చుక్కను తీసి, గాజు పలకపై పలుచగా పూసి, గీంసా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో ఎర్రరక్తకణములు గులాబిరంగు బిళ్ళలవలె కనిపించును. వానిలో కొన్నింటి లోపల నీలి దేహమును, ఎర్రని కేంద్రమును గల అతి చిన్న జీవులు ఉండవచ్చును. ఒక గుర్రపు రక్తములో అవి బేరిపండ్ల ఆకారమున నుండి, సన్నని కొనలు కలుపుకొని రెండేసి జంటగా నిలుచును. మరియొక గుర్రపు రక్తములో వానికంటె చాల చిన్నవై, నాలుగేసి ఒకచోట చేరి కూడిక గుర్తువలె అమరును. ఒకసారి చూపినచో పాఠశాల విద్యార్థి సైతము ఈ రెండింటి భేదమును గుర్తింపగలడు. అయినను ఇవి రెండును వేరు వేరు జీవులని శాస్త్రలోకమునకు తేలుటకు దాదాపు పదియేండ్లు పట్టెను. ఆ కూడిక గుర్తు వంటి జీవి కూడ ఒక్కటి కాదనియు, ఒకే రూపము వెనుక పలు వంశములు దాగియున్నవనియు తెలియుటకు మరియొక నూరేండ్లు పట్టెను.

ఆ నూరేండ్లలో ఆ చిన్న జీవికి నాలుగు పేర్లు వచ్చినవి. పేర్లు మార్చుట పండితుల వినోదమని కొందరు అనుకొందురు. ఇక్కడ మాత్రము అది వినోదము కాదు. పేరు వెనుకనున్న జీవి ఏదో సరిగా తెలియకుండ చేసిన పరీక్షలో రోగము లేదని తేలిన గుర్రము, రక్తములో రోగబీజమును మోసికొనుచు ఒక దేశము నుండి మరియొక దేశమునకు పోవుటకు వీలు కలిగినది.

ఈ వ్యాధికి పశువైద్యులు పిరోప్లాస్మోసిస్ అని పేరిడిరి. గుర్రములకే గాక గాడిదలకును, కంచరగాడిదలకును, ఆఫ్రికాలోని చారల గుర్రములకును ఇది సోకును. జ్వరము 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. పరాన్నజీవులు పెరిగి బయటపడునపుడు ఎర్రకణములు పగిలిపోవును గనుక రక్తహీనత కలుగును. కనురెప్పల లోపలిపొర పాలిపోయి పిదప పసుపు వన్నె తేలును. పగిలిన కణములలోని హీమోగ్లోబిను మూత్రములో దిగి దానిని ఎర్రబరచును. చూలుతో నున్న ఆడుగుర్రమునకు గర్భస్రావము కావచ్చును. అన్నిటికంటె చిక్కైన సంగతి తరువాతిది. బ్రతికి బయటపడిన గుర్రము చూచుటకు ఆరోగ్యముగనే యుండును. మేత మేయును, పరుగెత్తును, బండి లాగును. కాని దాని రక్తములో కొద్దిపాటి పరాన్నజీవులు మిగిలియుండును. పెద్దజాతి అయినచో కొన్ని యేండ్లకు పోవచ్చును. చిన్నజాతి మాత్రము సాధారణముగ జీవితాంతము విడువదు. అట్టి గుర్రమును కుట్టిన పిడుదు ఆ బీజమును మరియొక గుర్రమునకు చేర్చును.

పిడుదు నేరము బయటపడిన విధము

గుర్రముల కథ నిజమునకు పశువులతో మొదలగును. 1888లో రుమేనియా శాస్త్రజ్ఞుడు విక్టర్ బాబెష్, మూత్రము ఎర్రబారి చనిపోవుచున్న పశువుల ఎర్రకణములలో సూక్ష్మజీవులను చూచెను. వానిని అతడు బాక్టీరియములని తలచెను. అవి ఒక పశువు నుండి మరియొక దానికి ఎట్లు చేరుచున్నవో అతనికి అంతుపట్టలేదు.

ఆ రోజులలోనే అమెరికాలో ఒక వింత జరుగుచుండెను. దక్షిణ రాష్ట్రములనుండి, ముఖ్యముగ టెక్సాసు నుండి, తోలుకొనివచ్చిన మందలు ఉత్తరమున ఎచట మేసినను, అచటి పశువులు కొన్ని వారములకు జ్వరము వచ్చి చచ్చుచుండెను. తెచ్చిన పశువులకు మాత్రము ఏ జబ్బును కనిపింపదు. మందల కాపరులలో కొందరు దీనికి పిడుదులే కారణమనుచుండిరి. చదువుకొన్నవారిలో పెక్కుమంది ఆ మాటను లెక్కచేయలేదు.

లెక్కచేసినవారు థియోబాల్డ్ స్మిత్ అను వైద్యుడు, ఫ్రెడరిక్ కిల్బోర్న్ అను పశువైద్యుడు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేయుచున్న ఈ యిద్దరు 1889లో వాషింగ్టను సమీపమున కంచె కట్టిన పొలములలో చేసిన ప్రయోగములు ఇప్పటికిని తరగతిలో చెప్పదగినవి. ఒక పొలములో పిడుదులతో నున్న దక్షిణపు పశువులను, ఆరోగ్యముగల ఉత్తరపు పశువులను కలిపి విడిచిరి, ఉత్తరపువి జబ్బుపడెను. మరియొక పొలములో దక్షిణపు పశువుల ఒంటినుండి పిడుదులను ఒక్కొక్కటిగ చేతితో ఏరివేసి, పిదప ఉత్తరపు వానితో కలిపిరి; ఏ జబ్బును రాలేదు. ఇంకొక పొలములో దక్షిణపు పశువు ఒక్కటియు లేకుండ, గడ్డిపై పిడుదులను మాత్రమే చల్లి ఉత్తరపు పశువులను తోలిరి, అవి జబ్బుపడెను. పశువు లేకున్నను పిడుదున్నచో జబ్బు వచ్చినది. పశువున్నను పిడుదు లేనిచో రాలేదు. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకుట అరుదు.

మరియొక సందేహము మిగిలెను. ఆ జాతి పిడుదు తన బ్రతుకంతయు ఒకే పశువుపై గడిపి, నిండుగా రక్తము త్రాగి, నేలరాలి, గ్రుడ్లుపెట్టి చచ్చును. అది మరియొక పశువును కుట్టనే కుట్టదు. అట్లయినచో రోగము ఎట్లు వ్యాపించును? స్మిత్ గ్రుడ్లను ప్రయోగశాలలో పొదిగించి, పుట్టిన పిల్ల పిడుదులను ఆరోగ్యముగల పశువులపై విడిచెను. జబ్బు వచ్చెను. తల్లి త్రాగిన రోగబీజము గ్రుడ్డు ద్వారా పిల్లకు సంక్రమించినదన్నమాట. ఈ ఫలితములన్నియు 1893లో వెలువడినవి. కీళ్ళకాళ్ళ ప్రాణి యొకటి ఏకకణ పరాన్నజీవిని జంతువు నుండి జంతువునకు చేర్చునని ఋజువగుట అదియే మొదటిసారి. నాలుగేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా బీజములను చూచెను. దోమ కథ మనకందరకు తెలియును. దానికి ముందు పిడుదు కథ యొకటి కలదని చాలమందికి తెలియదు.

ప్రిటోరియా నుండి పారిసునకు

దక్షిణాఫ్రికాలో గుర్రములకు వచ్చు ఒక జ్వరమును అచటివారు పైత్యజ్వరమని పిలిచెడివారు. కండ్లు పచ్చబడుటయే ఆ పేరునకు కారణము. అక్కడనే పుట్టి పెరిగిన గుర్రములకు ఇది అంతగా హానిచేయదు. పిడుదు లేని దేశములనుండి వచ్చినవాని గతి వేరు. 1899 నుండి 1902 వరకు జరిగిన బోయర్ యుద్ధమునకై ఆంగ్లేయులు పలు ఖండములనుండి లక్షలకొలది గుర్రములను ఆ దేశమున దించిరి. వానిలో అధికభాగము తిరిగిపోలేదు. ఆకలి, అలసట, తుపాకిగుండు వలన పోయినవి పోగా, అలవాటులేని రోగములును వానిని పట్టినవి.

ప్రిటోరియాలో పనిచేయుచున్న స్విట్జర్లండు దేశీయుడైన పశువైద్యుడు ఆర్నాల్డ్ థైలర్ ఈ జ్వరపు గుర్రముల రక్తమును పరిశీలించి, పూతలను పారిసులోనున్న ఆల్ఫాన్స్ లావెరాన్‌కు పంపెను. లావెరాన్ 1880లో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నవాడు. 1907లో నోబెలు బహుమానము నందుకొన్నవాడు. ఎర్రకణములలో దాగిన జీవులను గుర్తించుటలో ఆనాడు అతని కంటికి సాటిలేదు. 1901లో అతడు ఈ జీవికి పిరోప్లాస్మా ఈక్వై అని పేరుపెట్టెను. పిరోప్లాస్మా అనగా బేరిపండు ఆకారము గలది. ఈక్వై అనగా గుర్రమునకు చెందినది. ఇందు కొంచెము నవ్వు పుట్టించు విషయము కలదు. ఈ పేరు ఏ జీవికి నిలిచినదో, ఆ జీవి బేరిపండు కంటె కూడిక గుర్తునకే ప్రసిద్ధి.

1906లో థైలర్ మరియొక అడుగు వేసి, దక్షిణాఫ్రికాలో దీనిని మోయునది ఎర్రకాళ్ళ పిడుదు అని ప్రయోగపూర్వకముగ చూపెను. ఆ పిడుదు శాస్త్రనామము రైపిసెఫాలస్ ఎవర్ట్సై.

ఒకటి రెండైనది

ఆఫ్రికాలో చూచినవారు ఈ పరాన్నజీవి చిన్నదనిరి. రష్యా గుర్రములలో చూచినవారు పెద్దదనిరి. ఒకే జీవి వాతావరణమును బట్టి రూపము మార్చుకొనుచున్నదా, లేక రెండు జీవులు కలవా? ఈ చిక్కును విడదీసినవారు కేంబ్రిడ్జిలో పనిచేసిన జార్జి నటాల్, సిరిల్ స్ట్రిక్‌లండ్ అనువారు. పెద్దదానికి 1910లో వారు పిరోప్లాస్మా కబల్లై అని పేరిడిరి; రెండు జాతులు కలవను వాదమును 1912లో విపులముగ ప్రకటించిరి. పెద్దది రెండు మొదలు అయిదు మైక్రానుల వరకు ఉండును. చిన్నది మూడు మైక్రానులు మించదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. పెద్దది కణములో రెండుగా చీలును. చిన్నది నాలుగుగా చీలును. అన్నిటికంటె గట్టి సాక్ష్యము గుర్రపు దేహమే ఇచ్చును: ఒకదాని నుండి కోలుకొన్న గుర్రమునకు రెండవదాని నుండి రక్షణ లేదు.

మందు విషయమునను ఈ భేదము కనబడెను. ఆ కాలమున నటాల్ ప్రయోగశాల నుండియే ట్రిపాన్ నీలి అను రంగుపదార్థము కుక్కల పిరోప్లాస్మా జ్వరమునకు మందుగా వెలువడినది. ఈ రంగు పెద్దజాతులపై పనిచేయును, చిన్నజాతులపై పనిచేయదు. సూక్ష్మదర్శినిలో రెండు చుక్కల తేడాయని తోసివేసినది గుర్రపుశాలలో ప్రాణమునకు సంబంధించిన తేడా అయినది.

పిడుదులోను వీని నడవడి వేరు. కబల్లై, స్మిత్ చూచిన పశువుల పరాన్నజీవివలె, తల్లి పిడుదు నుండి గ్రుడ్డులోనికి, గ్రుడ్డు నుండి పిల్లలలోనికి దిగును. ఈక్వై అట్లు దిగదు. పిడుదు ఒక దశలో త్రాగిన బీజమును తరువాతి దశలో మరియొక గుర్రమునకు ఎక్కించును.

పెద్దజాతి చివరకు బాబెష్ పేరు మీద ఏర్పడిన బాబెసియా ప్రజాతిలో స్థిరపడినది. చిన్నజాతి మాత్రము స్థిరపడలేదు. దానిని 1910లో పోర్చుగీసు శాస్త్రజ్ఞుడు కార్లోస్ ఫ్రాన్సా నటాల్ గౌరవార్థము నటాలియా అను ప్రజాతిలో చేర్చెను. పిదప ఆ ప్రజాతి కొట్టివేయబడి, అదియు బాబెసియాయే అయినది. పుస్తకములన్నియు దానిని చాలకాలము బాబెసియా ఈక్వై అనియే వ్రాసినవి.

1981లో జర్మనీ పరిశోధకులొక క్రొత్త సంగతి కనుగొనిరి. పిడుదు లాలాజలముతో దిగిన బీజములు తిన్నగ ఎర్రకణములలోనికి పోక, మొదట తెల్లకణములలోని లింఫోసైట్లలో చేరి, అచట పెరిగి, తరువాతనే ఎర్రకణములలో ప్రవేశించును. బాబెసియాలు ఎన్నడును అట్లు చేయవు. అట్లు చేయునవి థైలీరియా ప్రజాతి జీవులు. ఆలోచించి ఆలోచించి, 1998లో మెల్‌హార్న్, షైన్ అనువారు ఈ జీవికి థైలీరియా ఈక్వై అని పేరు మార్చిరి. థైలీరియా అను ప్రజాతినామము 1907లో ఆర్నాల్డ్ థైలర్ పేరు మీదనే ఏర్పడినది. ప్రిటోరియా నుండి థైలర్ పంపిన జీవి తొంబది యేడేండ్లు ఇతరుల పేర్లు మోసి, చివరకు అతని పేరే ధరించినది.

ఆరోగ్యపత్రము మోసగించిన వైనము

1961లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఈ వ్యాధి బయటపడినది. క్యూబా నుండి వచ్చిన గుర్రములతో అది దిగెనని తేలినది. ప్రభుత్వము పిడుదులను చంపించి, గుర్రములకు పరీక్షలు, చికిత్సలు చేయించి, పాతికయేండ్లకు పైగా పోరాడి 1988లో ఆ రాష్ట్రము నిర్మలమైనదని ప్రకటించెను. అటుపిమ్మట ఓడలోను విమానములోను వచ్చు ప్రతి గుర్రమునకును రక్తపరీక్ష తప్పనిసరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ పోటీలకు వచ్చిన గుర్రములలో ఈ బీజము గలవానిని ప్రత్యేక కట్టుబాట్ల నడుమ మాత్రమే అనుమతించిరి.

ఈ పరీక్షలో పరాన్నజీవిని వెదకరు. వాహకమైన గుర్రపు రక్తములో అవి ఎంత తక్కువగా నుండుననగా, పూతలన్నియు వెదకినను ఒక్కటియు దొరకకపోవచ్చును. కావున దానిపై గుర్రపు దేహము తయారుచేసుకొన్న ప్రతిరక్షకములను వెదకుదురు. దొంగను చూడకపోయినను, వానికై వేసిన తాళమును చూచి దొంగ వచ్చెనని ఊహించుట వంటిదిది. అమెరికాలో 2005 వరకు అధికారికముగ వాడినది సంపూరక స్థిరీకరణ పరీక్ష. క్రొత్తగా సోకిన గుర్రమును అది చక్కగా పట్టును. సోకి చాలకాలమైన గుర్రములో ప్రతిరక్షకముల తీరు మారును. మారిన ప్రతిరక్షకములు ఆ పరీక్షలో పాల్గొనవు. తత్ఫలితముగ ఏండ్ల తరబడి బీజమును మోయుచున్న గుర్రము కూడ "లేదు" అను జవాబుతో బయటపడగలదు. ఏ గుర్రమును పట్టుకొనవలెనో దానినే ఆ పరీక్ష వదలుచుండెను.

1990వ దశకమున పరాన్నజీవి పైపొరలోని ఒక ప్రోటీను ఆధారముగ మేలైన పరీక్ష వచ్చినది. ఆ ప్రోటీనుకు సంక్షేపముగ ఇ.ఎం.ఎ.-1 అని పేరు. గుర్రపు రక్తములో ఆ ప్రోటీనుపై ప్రతిరక్షకములున్నచో, పరీక్షలో వాడు తయారు ప్రతిరక్షకమును అవి అడ్డుకొనును, రంగు తగ్గును. 2005లో అమెరికా ఈ పరీక్షకు మారెను.

మారిన నాలుగేండ్లకు, 2009 అక్టోబరులో, దక్షిణ టెక్సాసులోని ఒక పెద్ద పశుక్షేత్రమున ఒక ఆడుగుర్రమునకు ఈ వ్యాధి కలదని తేలెను. అధికారులు ఆ క్షేత్రమునందలి గుర్రములన్నిటిని పరీక్షింపగా నాలుగు వందలకు పైగా వాహకములని బయటపడెను. అవి చాలవరకు జబ్బుపడినట్లే తోచలేదు. ఆ ప్రదేశపు పిడుదులే దానిని వ్యాపింపజేసినవి. అటుపిమ్మట దేశమంతట పరీక్షలు ముమ్మరము చేయగా, వేరొక మార్గము కూడ వెల్లడియైనది. అనుమతి లేని పందెములలో పరుగెత్తు గుర్రములకు ఒకే సూదితో మందులెక్కించుటవలన పిడుదు లేకుండనే బీజము చేరుచుండెను. పిడుదు చేయు పనిని మనుష్యుడు చేసినాడు.

టెక్సాసు గుర్రములకు ఇమిడోకార్బ్ అను మందును హెచ్చు మోతాదున, కిలో బరువునకు 4 మిల్లీగ్రాముల చొప్పున, 72 గంటలకొక మారు నాలుగు సూదులిచ్చిరి. దాదాపు అన్ని గుర్రములును శుభ్రపడినవి. జీవితాంతము పోదనుకొన్న బీజము పోయినది. ఈ విజయముతో కథ ముగియవలసినది.

తాళపత్ర ప్రతులు, జన్యు ప్రతులు

కథ ముగియకపోవుటకు కారణమైన మార్గము అంతకు ముందే వేరొక దిక్కున తెరువబడినది. దానిని తెలిసికొనుటకు మన ప్రాచీన గ్రంథముల పరిష్కర్తలు చేయు పనిని తలచుకొన్నచో మేలు. ఒక కావ్యమునకు ఇరువది తాళపత్ర ప్రతులు దొరకినవనుకొందము. మూలప్రతి లేదు. వ్రాయసకాండ్రు ఎత్తివ్రాయునపుడు అక్కడక్కడ అక్షరములు మార్చియుందురు. ఒకే తప్పు అయిదు ప్రతులలో కనబడినచో, ఆ అయిదును ఒకే తల్లిప్రతి నుండి పుట్టినవని పరిష్కర్త గ్రహించును. ఇట్లు పాఠాంతరములను బట్టి ప్రతులను శాఖలుగ విడదీయును.

జీవకణములోని డి.ఎన్.ఏ. కూడ నాలుగు అక్షరముల లిపిలో వ్రాసిన గ్రంథమే. ప్రతి తరమునను అది ఎత్తివ్రాయబడును. అరుదుగ అక్షరము మారును. ప్రోటీనులను తయారుచేయు రైబోసోము అను యంత్రము లేనిదే ఏ కణమును బ్రతుకదు. దానిలోని ఒక భాగమునకు సంబంధించిన 18ఎస్ అను జన్యువు సుమారు 1,700 అక్షరముల పొడవుండును. అవసరమైనది గనుక అది మెల్లగ మారును. మెల్లగ మారును గనుక పాత బంధుత్వములను చెప్పును. 1980వ దశకమున వచ్చిన పి.సి.ఆర్. పద్ధతి వలన, రక్తములో నున్న కొద్దిపాటి పరాన్నజీవుల డి.ఎన్.ఏ.ను కూడ కోట్ల ప్రతులుగ పెంచి చదువుటకు వీలు కలిగినది.

2004లో స్పెయిను దేశపు గుర్రముల రక్తములో ఈ జన్యువును చదివినవారికి, పుస్తకములోని ఈక్వైతో సరిగా కలియని పాఠములు కనబడినవి. అవి ఏమో తేలక "ఈక్వై వంటిది", "కబల్లై వంటిది" అని వ్రాసిరి. 2009లో దక్షిణాఫ్రికాలో గుర్రములను పరీక్షించినవారికి ఇంకను హెచ్చు భేదములు దొరకినవి. జోర్డాను, ఇజ్రాయెలు మొదలైన దేశములనుండియు పాఠములు చేరగా, నేడు ఈక్వై అను పేరు క్రింద ఎ, బి, సి, డి, ఇ అని అయిదు శాఖలు లెక్కింపబడుచున్నవి. కబల్లైలోను ఒకటికంటె ఎక్కువ శాఖలున్నవి.

ఇన్ని శాఖలున్నచో నష్టమేమి? ఇక్కడనే పాఠాంతరము గ్రంథాలయము దాటి గుర్రపుశాలలోనికి వచ్చును. కబల్లైని పట్టుటకు వాడు పరీక్షయు ఒక ప్రోటీనుపైననే ఆధారపడినది. ఆ ప్రోటీను జన్యువు దక్షిణాఫ్రికా కబల్లైలో ఎంత మారియున్నదనగా, ఆ పరీక్ష అచటి గుర్రములను పట్టలేకపోయినది. ఒక దేశపు బీజముతో తయారైన పరీక్ష మరియొక దేశపు బీజమును ఎరుగదన్నమాట.

2012లో ఫ్లారిడా నుండి సేకరించిన ఈక్వై రకము యొక్క జన్యుపదార్థము మొత్తము చదువబడినది. నాలుగు క్రోమోసోములలో కోటి పదహారు లక్షల జతల అక్షరములు కలవు. ఇది తూర్పు ఆఫ్రికాలో పశువులను చంపు థైలీరియా పార్వాకు దగ్గరి చుట్టము కాదని కూడ అప్పుడు స్పష్టమైనది. పార్వా తాను చేరిన తెల్లకణమును కేన్సరు కణమువలె విచ్చలవిడిగ పెరుగునట్లు చేయును. ఈక్వై అట్లు చేయదు. బాబెసియాకును, అసలు థైలీరియాలకును నడుమ అది వేరొక కొమ్మగ నిలిచియున్నది. దీనికి మరియొక ప్రజాతినామము కావలెనని వాదించువారును కలరు. అట్లు జరిగినచో అయిదవ పేరు తప్పదు.

2018: క్రొత్త జాతి

అమెరికా, మెక్సికో దేశముల సరిహద్దున టెక్సాసులోని ఈగిల్ పాస్ వద్ద ఒక గుర్రపు రక్తములో ఈక్వైని పోలిన జీవి దొరకినది. దాని జన్యుపదార్థము మొత్తము చదువగా, అది శాఖాభేదము కాదు, జాతిభేదమే అని తేలెను. 2018లో దానికి థైలీరియా హేనియై అను పేరు వచ్చెను. పైన చెప్పిన అయిదు శాఖలలో సి అను శాఖ ఇదియే. సూక్ష్మదర్శినిలో దీనిని ఈక్వై నుండి వేరుచేయుట దాదాపు అసాధ్యము. ఈక్వై కంటె ఇది కొంత సాధువు. రక్తమును వడగట్టు ప్లీహమును తీసివేసిన గుర్రము ఈక్వై సోకినచో బ్రతుకుట కష్టము, హేనియై సోకినచో తట్టుకొనగలదు.

కాని దీని జన్యుపదార్థములో ఇ.ఎం.ఎ.-1 జన్యువు లేదు. ఆ ప్రోటీనే లేనప్పుడు దానిపై ప్రతిరక్షకము పుట్టదు. ప్రతిరక్షకము లేనప్పుడు పరీక్ష "లేదు" అనును. 2005లో పాత పరీక్షను మార్చి తెచ్చుకొన్న మేలైన పరీక్షకు సైతము ఈ జీవి కనబడదు. హేనియై మాత్రమే సోకిన గుర్రము ఆ పరీక్షను దాటి సరిహద్దులు గడవగలదు.

2020లో మరియొక చిక్కు బయటపడెను. టెక్సాసులో ఈక్వైని తొలగించిన ఇమిడోకార్బ్ హేనియైని తొలగింపలేదు. అంతియేగాక, రెండు జాతులును కలిసి సోకిన గుర్రములలో ఆ మందు ఈక్వైని కూడ నమ్మకముగ తొలగింపలేకపోయినది. ఒక జీవి ప్రక్కన మరియొక జీవి యున్నచో తెలిసిన మందు గుణము మారుచున్నది. 1912లో ట్రిపాన్ నీలి విషయమున ఎదురైన ప్రశ్నయే నూరేండ్ల పిదప మరల ఎదురైనది.

ఈ వైవిధ్యము ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నకు జవాబు కొంత పిడుదు కడుపులో నున్నది. గుర్రపు రక్తములో ఈ జీవులు చీలుటయే గాని కలియుట లేదు. పిడుదు కడుపులో మాత్రము ఆడ, మగ బీజముల వంటివి ఏర్పడి కలియును. ఒకే గుర్రములో రెండు రకములున్నచో, పిడుదు ఒక్క గ్రుక్కలో రెంటిని త్రాగి, వాని జన్యువులు కలియుటకు అవకాశము కలిగించును. వాహకములు ఏండ్ల తరబడి బ్రతుకుట వలన ఒకే దేహములో పలు రకములు చేరుటయు తరచు జరుగును. ఇక మిగిలినది గుర్రపు ప్రయాణము. యుద్ధమునకు, పందెమునకు, సంతానమునకు మనుష్యుడు గుర్రమును త్రిప్పినంతగా మరి ఏ పెంపుడు జంతువునైనను త్రిప్పినాడా అని అడుగవచ్చును. చారల గుర్రములు తరతరములుగ ఈ బీజములను మోయుచున్న దక్షిణాఫ్రికాలో శాఖలు ఎక్కువగా కనబడుట ఆశ్చర్యము కాదు.

మన దేశమునందును గుర్రములు, గాడిదలు, కంచరగాడిదలు ఈక్వైని మోయుచున్నవి. వీని రోగములను పరిశోధించుటకు 1985లో హర్యానాలోని హిస్సారున జాతీయ అశ్వ పరిశోధన కేంద్రము ఏర్పడినది. అచట ఈ వ్యాధిని పట్టుటకు ఇ.ఎం.ఎ.-2 అను వేరొక ప్రోటీను ఆధారముగ పరీక్షను తయారుచేసిరి. ఏ ప్రోటీనును ఎన్నుకొన్నను, ఆ దేశమునందలి శాఖలన్నిటిలోను అది కలదా లేదాయని జన్యువులను చదివి చూచుట ఇప్పుడు అవసరమైన పని.

1901లో లావెరాన్ చూచిన పూతలో నున్నది ఈ అయిదు శాఖలలో ఏదియో రూపమును బట్టి చెప్పుటకు వీలులేదు. అన్నియు ఆ కూడిక గుర్తునే చూపును. దక్షిణాఫ్రికాలో నేడు ఒకటికంటె ఎక్కువ శాఖలు తిరుగుచున్నవి. నాడును తిరుగుచుండియే యుండవచ్చును. ఫ్లారిడా రకము చేరిన ఎ శాఖకే ప్రస్తుతము ఈక్వై అను పేరును నిలిపియుంచిరి. బి, డి, ఇ శాఖలకు ఇంకను పేర్లు లేవు.